పాలబండి పోయే తొవ్వలో మా తొమ్మిది బండ్లు

పుష్యమి కార్తె ముసురు నాలుగు రోజులు విడవకుండా పట్టి, ఐదో రోజు కాస్త తెరిపినిచ్చింది. ఆ ఆదివారం ఉదయం ఐదున్నరకు, బురదబాటల్లో జీపులు నడపడం సరదాగా పెట్టుకొన్న మా క్లబ్బు సభ్యులం హైదరాబాదు శివారున అప్పా జంక్షన్ దగ్గర కలుసుకొని, చేవెళ్ళ మర్రిచెట్ల కిందుగా, మన్నెగూడ మీదుగా వికారాబాదు వైపు బయలుదేరాము. మొత్తం తొమ్మిది బండ్లు: ఐదు థార్లు, రెండు జిమ్నీలు, ఒక గూర్ఖా, ఒక పాత జిప్సీ. ఆ రోజు నా థార్ బురదలో ఇరుసు దాకా కూరుకుపోయింది. దాన్ని బయటికి తీయడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అది ఎందుకు దిగబడిందో, ఎలా తీశామో, తీసిన తరువాత ఆ బాటకు మేము ఏమి బాకీ పడ్డామో ఉన్నదున్నట్టు రాసి ఉంచాలని ఈ పోస్టు.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. వికారాబాదు అనగానే చాలామందికి మూసీ పుట్టిన అనంతగిరి కొండలు గుర్తుకొస్తాయి. ఆ కొండల మీది రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలుకుపోవడం నేరం. మా క్లబ్బు దాని జోలికి పోదు. మేము నడిపినది రెండు ఊళ్ళ మధ్య చేల వెంబడి పోయే బండ్లబాట, ఆ తరువాత ఒక రైతు తానే ఒప్పుకొని చూపించిన బీడు భూమి. వారం ముందే మా సభ్యులు ఇద్దరు వెళ్ళి, బాటకు ఇరుపక్కల పొలాలున్న వాళ్ళందరితో మాట్లాడి వచ్చారు. మాట్లాడవలసిన మనిషి ఇంకొకరు మిగిలిపోయారని ఆ రోజు సాయంత్రానికి గాని మాకు తెలియలేదు.

ఆ ప్రాంతపు నేల గురించి కొంచెం చెప్పకపోతే జరిగినది అర్థం కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాతి పొరలు దక్కనులో చాలా మేర పరుచుకొని ఉన్నాయి. వాటి తూర్పు అంచు ఈ వికారాబాదు, తాండూరు వైపే వస్తుంది. మిట్టల మీద ఆ రాయి ఎండకూ వానకూ మాగి, ఇనుము మిగిలి, ఎర్రని మొరంగా మారింది. పల్లాలలో అదే రాయి చివికి నల్లరేగడి అయింది. తాండూరు కందికి పేరు రావడానికి, దానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కడానికి ఈ నల్లనేల కూడా ఒక కారణం. ఒక్క బాట మీదే అర కిలోమీటరు ఎర్రమట్టి, ఆ వెంటనే రెండు వందల మీటర్లు నల్లమట్టి, మళ్ళీ ఎర్రమట్టి వస్తుంటాయి. వాన పడ్డాక పైకి రెండూ బురదగానే కనిపిస్తాయి. కానీ మొరం బాటలో జానెడు బురద కింద గట్టి అడుగు ఉంటుంది. టైరు ఆ బురదను పక్కకు నెట్టి అడుగును అందుకొంటుంది. రేగడిలో ఉండే బంకమన్ను రేణువులు పలుచని రేకులవంటివి. వాటి మధ్యకు నీరు చేరితే నేల ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వేసవిలో మనిషి పాదం దూరేంత నెర్రెలు విచ్చిన నేలే, వానాకాలంలో నాలుగు రోజుల ముసురుకు వెన్నముద్దలా అవుతుంది. టైరుకు అందడానికి అక్కడ అడుగు అంటూ ఉండదు.

తారు రోడ్డు దిగగానే మేము మొదట చేసిన పని టైర్లలో గాలి తగ్గించడం. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉన్న గాలిని 20కి దించాము. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకొంటుంది, బరువు ఎక్కువ మేర పంచుకొంటుంది, గుచ్చుకొని దిగబడడం తగ్గుతుంది. మరీ 15 కన్నా కిందికి తెస్తే పక్కకు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. వాల్వుల నుంచి బుస్సుమని గాలి పోతుండగా, ముందు నడిచే లీడ్ బండి, చివర వచ్చే స్వీప్ బండి ఏవో, మధ్యలో ఎవరి వెనుక ఎవరో నిర్ణయమైంది. కొత్తగా చేరిన వాళ్ళ ముందూ వెనుకా అనుభవం ఉన్న వాళ్ళను ఉంచడం మా పద్ధతి. ముందున్న బండి గండం దాటి గట్టి నేల మీద నిలిచేదాకా వెనుకబండి దిగకూడదు. అద్దంలో వెనుకబండి కనిపించకపోతే ఆగి చూడాలి; అలా వరుసంతా ఒకరి కోసం ఒకరు ఆగుతారు.

మొదటి రెండు కిలోమీటర్ల ఎర్రబాట గురించి సంతోషంగా రాయగలను. నాలుగు చక్రాలకూ శక్తి అందేలా '4-లో'లో, అంటే వేగం తగ్గి బలం పెరిగే గేర్ల అమరికలో పెట్టి, రెండో గేరులో, యాక్సిలరేటరు మీద కాలు కదపకుండా, ఒకే ఊపున పోతుంటే బండి కింద నుంచి ఎర్రనీళ్ళు రెండు రెక్కల్లా విచ్చుకొనేవి. స్టీరింగును గట్టిగా పట్టుకోకూడదు. గాడిలో చక్రం తనంత తాను దారి వెతుక్కొంటుంది. బొటనవేళ్ళు స్టీరింగు లోపలికి పెట్టవద్దని కొత్తవాళ్ళకు మేము పదేపదే చెబుతాము, ఎందుకంటే చక్రం రాయిని తగిలినప్పుడు స్టీరింగు ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుతుంది. ఏటవాలుగా పక్కకు జారే చోట మనసు ఒప్పకపోయినా చక్రాలను జారే వైపుకే, కిందికే తిప్పాలి. పైకి తిప్పి యాక్సిలరేటరు నొక్కితే బండి అడ్డంగా తిరుగుతుంది. కొత్త సభ్యురాలు ఒకామె, తన జిమ్నీని మొదటిసారి బురదలోకి దించిన మనిషి, అటువంటి చోటనే మూడు మీటర్లు జారి, భయపడకుండా చక్రాలను కిందికే తిప్పి, మళ్ళీ బాటలోకి తెచ్చుకొంది. వాకీటాకీలో అందరమూ ఒక్కసారే "శభాష్" అన్నాము. అటువంటి క్షణాల కోసమే నేను తెల్లవారుజామున లేచి వెళ్తాను.

ఆ ఊపులోనే నేను పొరపాటు చేశాను. ఎర్రబాట మలుపు తిరిగి పల్లంలోకి దిగే చోట, మడుగులాంటిది ఒకటి కనిపించింది. అప్పటిదాకా దాటిన మడుగులలాగే ఉంది. నా ముందు వెళ్ళిన లీడ్ బండి మడుగులోకి దిగకుండా ఎడమ పక్క గడ్డి అంచు పట్టుకొని పోయింది. నేను దాని జాడను చూశాను, చూసి కూడా నడుమ నుంచే పోనిచ్చాను. ఇరవై మీటర్లు బాగానే కదిలింది. ఆ తరువాత ఇంజను మోత పెరిగింది, బండి వేగం తగ్గింది. అక్కడ నా కాలు వెంటనే పైకి రావలసింది. నేను ఇంకా నొక్కాను. ఐదారు సెకన్లు, అంతే. చక్రాలు తమ గుంటలను తామే తవ్వుకొన్నాయి. కిటికీ నుంచి తల బయటపెట్టి చూస్తే, ముందు ఎడమ చక్రం పూర్తిగా నల్లటి ముద్దలో ఉంది. టైరు గాళ్ళన్నీ పూడి, నున్నటి నల్లరోకలి తిరిగినట్టు తిరుగుతోంది.

డిఫరెన్షియల్, అంటే ఒక ఇరుసు మీది రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, దాని పని తెలిసిన వాళ్ళకు అప్పుడు జరిగినది తెలుస్తుంది. మామూలు డిఫరెన్షియల్ ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం జారుడులో తిరగడానికి ఎంత తక్కువ బలం చాలునో, గట్టి నేల మీది రెండో చక్రానికీ అంతే అందుతుంది. అందుకే ముందు ఎడమ చక్రం, వెనుక కుడి చక్రం గిరగిర తిరుగుతుంటే మిగతా రెండూ కదలకుండా నిలుచున్నాయి. తిరగని చక్రానికి బలం మళ్ళించే ఏర్పాట్లు ఇప్పటి బండ్లలో ఉన్నాయి, నా బండి వెనుక ఇరుసుకూ ఉంది. అయితే బండి పొట్ట నేల మీద ఆనిన తరువాత వాటి సాయం చాలా తక్కువ. థార్‌కు నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తు ఉందని కాగితం మీద చదువుకొన్నాను. ఆ ఎత్తంతా నేనే తవ్వేసుకొన్నాను.

పక్క చేనులో పెసర కలుపు చూసుకొంటున్న ఒక పెద్దాయన కర్ర పట్టుకొని గట్టు మీదకు వచ్చారు. ఏమీ అనకుండా కర్రను బాట నడుమ గుచ్చారు, మూరెడు దిగింది. అంచున గడ్డి దగ్గర గుచ్చారు. బెత్తెడు దిగి ఆగింది.

"నల్లరేగట్ల దిగినవ్ బిడ్డా. గది మింగుతది గని ఇడువది. ఎర్రదానికి అడుగుంటది, దీనికి అడుగేడిది?"

"చూసుకోలేదు తాతా," అన్నాను.

"ముందల పోయినాయన సూస్కున్నడు గద," అని, చేతిలోని కర్రను నాకిచ్చారు. అప్పటి నుంచి ఆయన చూపినట్టే, తెలియని బురద కనిపిస్తే బండి ఆపి, దిగి, కర్ర గుచ్చి చూస్తున్నాను. ఎంతో డబ్బు పోసి కొన్న సామాన్లు చెప్పలేని సంగతి ఆ కర్ర చెబుతుంది.

బండిని తీసే పని మొదలైంది. దీనిని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే బురద ప్రయాణాలలో మనుషులకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే. మొదటి నియమం, పనిని ఒక్కరే నడిపించాలి. మా లీడ్ ఆ బాధ్యత తీసుకొని, మిగతా వాళ్ళందరినీ నోరు మెదపవద్దని చెప్పారు. రెండవది, లాగడానికి ముందు తవ్వాలి. పొట్టి పార తీసుకొని నేను చక్రం పక్కన పక్కకు ఒరిగి పడుకొన్నాను. రేగడి పారకు అంటుకొని విడవదు. ప్రతి రెండు పారలకూ ఒకసారి పారను నీళ్ళలో ముంచి తీయాలి, లేకపోతే మట్టిని తీయడం కాకుండా మట్టిముద్దను ఊపుతున్నట్టు ఉంటుంది. చక్రం వెనుక ఏటవాలుగా దారి కోసి, ఇరుసు కింద చేయి పెట్టి మట్టిని పిడికిళ్ళతో లాగాను. ఒకచోట చేయి లోపలికి పోయినప్పుడు బురద పట్టి పీల్చే బలం మోచేతి దాకా తెలిసింది. బండిని కూడా ఆ బలమే పట్టి ఉంచుతుంది. ఇరుసు కిందికి గాలి పోయే సందు చేసేదాకా ఎంత లాగినా వృథా.

తరువాత రెండు చక్రాల వెనుక ట్రాక్షన్ బోర్డులు, అంటే టైరుకు పట్టు దొరికేలా కింద పెట్టే పలకలు పెట్టి వెనక్కి ప్రయత్నించాము. బోర్డులు రెండూ చక్రం కిందికి పోయి బురదలో మాయమయ్యాయి. ఇక స్నాచ్ స్ట్రాప్ తప్పలేదు. ఇది మామూలు తాడు కాదు, లాగినప్పుడు సాగే నైలాన్ పట్టీ. లాగే బండి కొంచెం ఊపుతో కదిలితే పట్టీ సాగి, ఆ సాగిన బలాన్ని ఇరుక్కున్న బండి మీద విడుదల చేస్తుంది. దానిలో ఎంత ఉపకారం ఉందో అంత ప్రమాదమూ ఉంది. తెగినా, తగిలించిన కొక్కెం ఊడినా, ఆ ఇనుము తుపాకి గుండులా వస్తుంది. అందుకే ట్రెయిలర్ తగిలించే గుండుకు ఎన్నడూ స్ట్రాప్ కట్టకూడదు. చట్రానికి గట్టిగా బిగించిన రికవరీ పాయింటుకే షాకిల్‌తో, అంటే అడ్డంగా పిన్ను బిగించే గుర్రపునాడా ఆకారపు కొక్కెంతో తగిలించాలి. ఒక పట్టీకి మరొక పట్టీని ఇనుప షాకిల్‌తో కలపకూడదు. పట్టీ పొడవు తొమ్మిది మీటర్లు కనుక చూసేవాళ్ళందరినీ పదిహేను మీటర్ల అవతలికి, అదీ లాగే దిక్కుకు పక్కగా పంపారు. పట్టీ నడుమ తడి గోనెసంచి వేశారు, తెగితే దాని బరువుకు కిందికి పడేలా. ఎటు దిగిందో అటే, వెనక్కే లాగాలని నిర్ణయించారు, ఎందుకంటే వెనుక మా చక్రాలు చేసిన గాడి ఉంది, ముందు ఇంకా ఎంత లోతుందో ఎవరికీ తెలియదు.

గూర్ఖా ఎర్రమట్టి మీద నిలిచి మూడు సార్లు లాగింది. మొదటిసారి బండి ఊగి ఆగింది. నన్ను దింపి మళ్ళీ తవ్వించారు. రెండోసారి జానెడు కదిలింది. మూడోసారి నేను రివర్సులో చక్రాలను నెమ్మదిగా తిప్పుతూ, స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతూ ఉండగా, కింద నుంచి పెద్ద సీసా మూత ఊడినట్టు చప్పుడు వచ్చి బండి పైకి లేచింది. ఎర్రమట్టి చక్రానికి తగలగానే స్టీరింగు చేతికి బరువుగా తెలిసింది. ఆ బరువు ఎంత ధైర్యాన్నిస్తుందో మాటలలో చెప్పలేను.

ఈ లోపల మా జిప్సీ సభ్యుడు, బాటకు ఎడమ పక్కన గడ్డి అంచు మీదుగా, చప్పుడు లేకుండా అవతలికి పోయి నిలబడి ఉన్నాడు. 1985లో మన దేశానికి వచ్చిన ఆ బండి బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. మా థార్లు మనుషులతో, సామానుతో కలిపి రెండు టన్నులకు దగ్గరపడతాయి. బురదలో బరువు లేని బండి చేసే పనిని గుర్రపుశక్తి ఎంత పెంచినా చేయలేదని నా అభిప్రాయం. కొత్తగా బండి కొనాలని అడిగే మిత్రులకు కూడా నేను ఇదే చెబుతున్నాను.

సాయంత్రం నాలుగు గంటలకు బీడు భూమిలో బండ్లు నడపడం ముగించుకొని అదే బాటలో తిరిగి వస్తుండగా, నల్లమట్టి పల్లం దగ్గర ఒక మోటారుసైకిలు ఆగి ఉంది. రెండు పక్కలా పాలక్యాన్లు. నడిపే కుర్రవాడు బండి దిగి, నేను తవ్విన గుంటలను చూస్తున్నాడు. రెండు గాళ్ళు, మోకాలి లోతు, వాటి నిండా నీళ్ళు. అంచున గడ్డి మీద అతను రోజూ పోయే సన్నని జాడను కూడా, మేము లాగేటప్పుడు తొక్కిన అడుగులూ, బోర్డులు పెరికిన గుంటలూ చెరిపేశాయి.

అతను కోపగించుకోలేదు. "అన్నా, రేపొద్దుగాల నాలుగింటికి చీకట్ల నేను పాలు పట్టుకొని ఈ తొవ్వనే రావాలె. మీరు మల్ల రారు గద," అన్నాడు.

మా సభ్యులు మాట్లాడని మనిషి అతనే. పొలం లేదు కనుక పొలాల వాళ్ళ జాబితాలో అతని పేరు లేదు. అయితే ఆ బాటను రోజుకు రెండుసార్లు వాడేది అతను ఒక్కడే. మేము దాన్ని ట్రయిల్ అంటున్నాము, దాని కష్టాన్ని బట్టి మార్కులు వేసుకొంటున్నాము. అతనికి అది పాలకేంద్రానికి పోయే రోడ్డు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు మనసు కలుక్కుమంటోంది.

వెలుతురు ఉన్నంతసేపూ తొమ్మిది బండ్ల వాళ్ళమూ అక్కడే ఉన్నాము. గుంటలలోని నీళ్ళను బక్కెట్లతో తోడి, మిట్ట మీది ఎర్రమొరాన్ని సంచులలో మోసి, అంచున రెండడుగుల వెడల్పున పరిచి, కాళ్ళతో తొక్కాము. నల్లమట్టి మీద నల్లమట్టినే కప్పితే మరునాటికి మళ్ళీ దిగబడుతుందని పెద్దాయన చెప్పారు. కింద కందికట్టె పరిచి పైన మొరం పోయించింది కూడా ఆయనే. పాలకుర్రాడు తన బండిని దాని మీద ఒకసారి నడిపి చూసుకొని వెళ్ళాడు. తారు రోడ్డు ఎక్కే ముందు టైర్ల గాలిని మళ్ళీ 32కు నింపి, చక్రాలకు పట్టిన ముద్దలను పారలతో గీకి తీశాము. రోడ్డు మీద రాలిన బంకమన్ను మీద వెనుక వచ్చే రెండు చక్రాల బండ్లు జారతాయి. రిమ్ము లోపలి వైపు పట్టిన మట్టిని నేను పూర్తిగా తీయలేకపోయాను, చేవెళ్ళ దాటేదాకా స్టీరింగు వణుకుతూనే ఉంది. వారంలో డిఫరెన్షియల్ ఆయిలు విప్పి, నీళ్ళు కలిసి పాలలా తెల్లబడలేదని చూసుకొన్నాక నా బండి గురించిన దిగులు తీరింది.

బాట గురించిన దిగులు తీరలేదు. తరువాతి బుధవారం క్లబ్బు వాళ్ళం కూర్చొని రెండు నియమాలు రాసుకొన్నాము. ఏ బాటకు పోయినా పొలాల వాళ్ళతో పాటు ఆ బాటను రోజూ వాడే వాళ్ళెవరో ఊళ్ళో అడిగి, వాళ్ళ సమ్మతి కూడా తీసుకోవాలి. గుంట చేసిన వాడు అదే వారంలో దాన్ని తన ఖర్చుతో పూడ్చాలి. ఆ రెండో నియమం కింద మొదటి పేరు నాది.

ఆదివారం మేము నలుగురం మళ్ళీ వెళ్ళాము, ఈసారి రెండే బండ్లలో. పెద్దాయన మాట్లాడి పెట్టిన ట్రాక్టరు రెండు ట్రిప్పుల మొరం తెచ్చి పల్లంలో దింపింది. మధ్యాహ్నం దాకా దాన్ని పారలతో సర్ది, ట్రాక్టరు చక్రాలతోనే అణగదొక్కించాము. నాలుగు గంటలు దాటాక మోటారుసైకిలు చప్పుడు వినిపించింది. పాలకుర్రాడు మమ్మల్ని చూసి చేయి ఎత్తాడు గాని ఆగలేదు. క్యాన్లు కదలకుండా, కాళ్ళు కింద పెట్టకుండా, ఒకే గేరులో పల్లం దాటి మిట్ట ఎక్కిపోయాడు. కొత్త మొరం మీద అతని చక్రాల జాడ ఒక్కటే సన్నగా, వంకర లేకుండా పడి ఉంది. మా బండ్లను దాని మీదకు తీసుకురాకుండా, మిట్ట మీదే వెనక్కి తిప్పుకొని వచ్చాము.